పేరు హైదరాబాద్‌ది, ఆట రూర్కెలాలో: సొంతూరు లేని హాకీ జట్టు

2025 ఫిబ్రవరి 1న ఒడిశాలోని రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ తూఫాన్స్ 3-4 గోల్స్ తేడాతో శ్రాచి రార్ బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయింది. తెలుగువాళ్ల రాజధాని పేరు పెట్టుకున్న జట్టు ఫైనల్ దాకా వెళ్లింది కానీ, ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆటలన్నీ రూర్కెలా, రాంచీల్లోనే జరిగాయి.

2026 సీజన్‌లో చెన్నై, రాంచీ, భువనేశ్వర్‌లకు మ్యాచ్‌లు దక్కాయి. హైదరాబాద్‌కు మళ్లీ దక్కలేదు. విశాఖపట్నం జట్టుగా మొదటి సీజన్‌లో దిగిన టీమ్ గోనాసిక రెండో సీజన్‌కల్లా కనబడకుండా పోయింది. విశాఖ జనం తమ జట్టును తమ ఊళ్లో ఒక్కసారైనా చూడకముందే కథ ముగిసింది.

సొంత మ్యాచ్‌లను రెండు ఊళ్లు పంచుకోవడం మనకు కొత్త కాదు. కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2014లో విశాఖలో మొదలై, తర్వాత హైదరాబాద్‌కు వెళ్లి, 2025 ఆగస్టులో మళ్లీ విశాఖలో ఆడింది. క్రికెట్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ కొన్ని సొంత మ్యాచ్‌లను విశాఖలో ఆడితే, రాజస్థాన్ రాయల్స్ గువాహటిలో ఆడుతోంది. మరి హాకీకి ఎందుకు కుదరడం లేదు?

కారణం నేలలోనే ఉంది. కబడ్డీ మ్యాట్‌ను చుట్టి లారీలో వేసుకుపోవచ్చు. క్రికెట్‌కు చాలా ఊళ్లలో స్టేడియాలు ఇప్పటికే ఉన్నాయి. హాకీకి 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పున పరిచిన కృత్రిమ టర్ఫ్ కావాలి. పెద్ద పోటీల్లో వాడే టర్ఫ్‌ను ఆటకు ముందు నీళ్లు చల్లి తడపాలి. నీళ్లు పోయే దారి, రాత్రి ఆటకు ఫ్లడ్‌లైట్లు, జనం కూర్చునే గ్యాలరీలు కావాలి. పైగా ప్రసార ఖర్చు తగ్గాలంటే జట్లన్నిటినీ రెండు మూడు ఊళ్లకు చేర్చి ఆడించడమే నిర్వాహకులకు సులువు. అలా జట్టు పేరు ఒక ఊరిది, నేల ఇంకో ఊరిది అయిపోతుంది.

ఆ నేల ఎవరిదో రాష్ట్ర ప్రభుత్వాల డబ్బు నిర్ణయిస్తోంది. 2018 నుంచి భారత హాకీ జట్లకు ఒడిశా ప్రభుత్వమే స్పాన్సర్. 2023 ప్రపంచకప్‌ను భువనేశ్వర్ ఒక్కటే ఉంచుకోకుండా రూర్కెలాతో పంచుకుంది. అందుకే రూర్కెలాకు 20 వేల మంది పట్టే బిర్సా ముండా స్టేడియం వచ్చింది. ఆ స్టేడియమే రెండేళ్ల తర్వాత లీగ్‌ను రప్పించుకుంది. మన రాష్ట్రంలోనూ ఇలాగే జరిగింది. 2025 చివర్లో జూనియర్ ప్రపంచకప్‌ను చెన్నై మదురైతో పంచుకుంది. పోటీలు అయిపోయినా మదురైకి టర్ఫ్ మిగిలింది.

హైదరాబాద్‌కు ఒకప్పుడు ఈ భాగ్యం ఉండేది. 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ గచ్చిబౌలిలో జరిగితే, సొంత జనం ముందే హైదరాబాద్ సుల్తాన్స్ విజేతగా నిలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊరి జట్టుకు రూర్కెలానే ఇల్లు అయ్యింది.

ఇందులో హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లకు ఏం పని అనిపించవచ్చు. రాష్ట్రం ప్రకారం మన జట్టు తమిళనాడు డ్రాగన్స్. భాష ప్రకారం హైదరాబాద్ తూఫాన్స్. దగ్గరి మహానగరమేమో బెంగళూరు, హోసూరుకు 40 కిలోమీటర్లు. అక్కడ శాంతినగర్‌లో హాకీ స్టేడియం ఉంది. జాతీయ జట్ల శిబిరాలు జరిగే సాయ్ కేంద్రమూ అక్కడే ఉంది. అయినా లీగ్‌లో బెంగళూరుకు జట్టే లేదు. జట్టున్న ఊరికి మ్యాచ్‌లు లేవు, మైదానమున్న ఊరికి జట్టు లేదు. ఈ రెండింటినీ కలిపితే తూఫాన్స్ సొంత మ్యాచ్‌లు కొన్ని హైదరాబాద్‌లో, కొన్ని బెంగళూరులో జరగవచ్చు. హోసూరు నుంచి, కుప్పం నుంచి, కోలారు నుంచి జనం పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సెక్కితే కన్నడం మాట్లాడే మొరసునాడు జనానికి రెండు ఊళ్ల జట్టు అర్థం కాని విషయమేమీ కాదు.

అయితే మ్యాచ్‌లు వస్తే చాలదు. రెండో ఊరు తరచూ మోసపోయేది ఇక్కడే. రెండు మూడు రాత్రులు దీపాలు వెలుగుతాయి, టికెట్లు అమ్ముడవుతాయి, తర్వాత జట్టు మూటాముల్లె సర్దుకుంటుంది. రూర్కెలా, మదురై బాగుపడింది మ్యాచ్‌ల వల్ల కాదు, మ్యాచ్‌ల పేరు మీద కట్టిన నేల వల్ల. గోనాసిక విశాఖకు ఏ నేలా ఇవ్వలేదు కాబట్టే దాని జాడ లేదు.

ఇది పిల్లల భవిష్యత్తు సంగతి కూడా. మట్టి నేల మీద బంతి ఎగిరెగిరి పడుతుంది. టర్ఫ్ మీద జారినట్టు పోతుంది. మట్టి మీద నేర్చిన పిల్ల టర్ఫ్ మీదికి వచ్చాక ఆటను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత జట్టు గోల్‌కీపర్ దాకా ఎదిగింది. అలాంటి పిల్లలు మన సరిహద్దు పల్లెల్లో ఇంకెందరు ఉన్నారో, టర్ఫ్ అందుబాటులో ఉంటేనే తెలుస్తుంది.

2019లో హోసూరు నగరపాలక సంస్థ అయ్యింది. 2024లో విమానాశ్రయం ప్రకటించారు. పెద్ద ఊరు అవుతున్నప్పుడే పెద్ద అడుగులు అడగాలి. ఓట్లడగడానికి వచ్చినవాళ్లను మనం అడగాల్సింది లీగ్ మ్యాచ్ కాదు. బడి పిల్లలు సాయంత్రం ఉచితంగా ఆడుకునే ఒక టర్ఫ్, దాన్ని చూసుకునే ఒక కోచ్, టర్ఫ్ తడపడానికి నీటి ఏర్పాటు. అవి ఉంటే ఏదో ఒక రోజు జట్టే మన ఊరు వెతుక్కుంటూ వస్తుంది.