సమీకరణములో రెండవ సగము

మన పినపాక ప్రాంతమున గోదావరి యిసుకలో అక్కడక్కడ నల్లని చారలు గన్పట్టును. మన బాలబాలికలు అయస్కాంతమును దారమునకు గట్టి యా చారలపై నాడించి, నల్లని రేణువులు దానికి మీసములవలె నిలుచుట జూచి సంతోషింతురు.

ఈ యాటను తక్కువగా నెంచరాదు. 1791వ సంవత్సరమున ఇంగ్లాండునందలి కార్న్‌వాల్ సీమలో విలియం గ్రెగర్ అను గ్రామ పాదిరి ఇట్టి నల్లని యిసుకనే పరీక్షించి, అందు ఇనుముతోబాటు అదివఱ కెవ్వరు నెఱుగని లోహ మొకటి కలదని కనుగొనెను. 1795లో క్లాప్రోత్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దానికి టైటానియ మని పేరిడెను.

ఇనుమును టైటానియమును ఆమ్లజనితో గూడియున్న ఇల్మనైటు అను ఖనిజము మన భీమునిపట్టణము, కళింగపట్టణము తీరములందును గలదు. దానిని గాఢ గంధకికామ్లముతో వేడిచేసిన కరగును. ఆ ద్రవమును చల్లార్పగా ఇనుము అన్నభేది స్ఫటికములై విడిపోవును. మిగిలిన ద్రవమును మరిగింపగా తెల్లని మడ్డి దిగును. దానిని కడిగి, సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చిన టైటానియం డయాక్సైడు లభించును. తిరువనంతపురమున 1946లో స్థాపింపబడిన టైటానియము కర్మాగార మీ పద్ధతినే యవలంబించినది. రంగులలో విషమగు సీసపు తెలుపునకు మాఱుగా నిది వచ్చుట లోకమునకు మేలే.

అయినను ఉపాధ్యాయులమగు మాలో నొక లోపము గలదు. నల్లబల్లపై సమీకరణమును వ్రాసి, తెల్లని పొడియొద్ద నిలిచిపోవుదుము. అన్నభేది యేమయ్యెను, మిగిలిన యామ్ల మెచటికి బోయెను అని యడుగము. పరీక్షలో రాదు గనుక విద్యార్థియు నడుగడు. ఒక టన్ను తెలుపు చేయుటలో నంతకు మించిన వ్యర్థము మిగులును. దానిని శుద్ధిచేయక నీటిలో విడిచినచో చేపలు నశించును. మన పరీక్షలో రాని ప్రశ్నకు పల్లెకారులు బదులు చెప్పుకొనవలసి వచ్చును.

దీనికి మార్గములు లేకపోలేదు. అన్నభేదిని కరక్కాయతో జేర్చి మన పెద్దలు సిరా చేసికొనిరి. నేడు మురికినీటిని తేర్చుటకును వాడుచున్నారు. మిగిలిన యామ్లమునకు సున్నము జేర్చిన జిప్సమగును. ఇందుకు ధనవ్యయము గలదు. ఆ వ్యయమును మొదటనే లెక్కలో జేర్చు మనుష్యుడు కావలెను.

ఉన్నత పాఠశాలలోని పిల్లల కింత యేల యని కొందఱందురు. రేపు కర్మాగారములలో పనిచేయువారును, వాటి ప్రక్కన కాపురముండువారును వీరే గదా! కావున సమీకరణమును తుదివఱకు చదివించుట మా విధియని తలంచుచున్నాము. తలిదండ్రులారా, మీ బిడ్డ యింట పాఠము వల్లించునపుడు “మిగిలిన దెచటికి బోయెను?” అని మీరును ఒక్కమా రడుగుడు.