తెలిసిన పేరుతో వచ్చే ఫైలు

కంప్యూటరు, ఫోను వాడేవాళ్లకు అందరూ చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది: ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన మెయిలు తెరవొద్దని. బ్యాంకులు చెబుతాయి, కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టి చెబుతారు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మొదట్లోనే చెబుతారు. సలహాలో తప్పు లేదు. కానీ దాన్ని విన్నవాళ్ల మనసులో ఎవరూ చెప్పని రెండో సగం దానంతటదే స్థిరపడిపోతుంది. తెలియనివాళ్ల మెయిలు తెరవకూడదంటే, తెలిసినవాళ్లది నిశ్చింతగా తెరవొచ్చన్నమాట! గత పాతికేళ్లలో ప్రపంచాన్ని హడలెత్తించిన మెయిల్ వైరస్‌లను వరసగా చూస్తే, వాటిలో చాలావరకు సరిగ్గా ఈ నిశ్చింతనే వాడుకున్నాయి. అందుకే ఈ పాత సలహాను మార్చుకోవాలంటాను. పంపినవారి పేరు చూసి నమ్మడమో మానడమో కాదు, వచ్చిన సందేశం మన చేత ఏ పని చేయించాలని చూస్తోందో గమనించడం అలవాటు కావాలి.

1999 మార్చి 26న బయటపడిన మెలిస్సా సంగతే తీసుకుందాం. అది మామూలు వర్డ్ ఫైలు రూపంలో వచ్చేది. సబ్జెక్టు వరసలో ఫలానావారి నుంచి ముఖ్యమైన సందేశం అని ఉండేది, ఆ ఫలానా చోట పంపినవారి అసలు పేరే కనిపించేది. లోపల రెండు ముక్కలు: మీరడిగిన డాక్యుమెంటు ఇదిగో, ఇంకెవరికీ చూపించకండి. ఫైలు తెరిస్తే అందులో దాగిన మాక్రో, అంటే తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రామ్, ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి అదే ఫైలును పంపేది. వాళ్లందరికీ అది ఒక స్నేహితుడి నుంచో, పై అధికారి నుంచో వచ్చినట్టే ఉండేది, ఎందుకంటే నిజంగానే వాళ్ల కంప్యూటరు నుంచే వచ్చేది. దాన్ని వదిలిన న్యూజెర్సీ వాసి డేవిడ్ స్మిత్‌కు 20 నెలల జైలు శిక్ష పడింది. నష్టం 8 కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ లెక్క కట్టింది. ఇందులో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది ఆ రెండో వాక్యం. పక్క సీటులోని మనిషిని అడిగితే మోసం అక్కడే బయటపడేది. ఇంకెవరికీ చూపించకండి అనేసరికి ఆ ఒక్క దారీ మూసుకుపోయింది.

ఏడాది దాటిన కొద్దిరోజులకే, 2000 మే 4న, ఫిలిప్పీన్స్ నుంచి ఐలవ్యూ వైరస్ బయల్దేరింది. తెలిసిన మనిషి పేరు, నిన్ను ప్రేమిస్తున్నాను అనే సబ్జెక్టు, కింద ప్రేమలేఖ అని పేరు పెట్టిన ఫైలు. మెలిస్సా 50 మందితో ఆగింది, ఇది చిరునామాల పుస్తకంలో ఉన్న అందరికీ వెళ్లింది. బ్రిటన్ పార్లమెంటు తన మెయిల్ వ్యవస్థను కాసేపు ఆపేసుకోవాల్సి వచ్చింది. కంప్యూటర్లలో దాచుకున్న ఫొటోలను అది చెరిపి వాటి చోట తన నకళ్లు పెట్టింది. పై అధికారి నుంచి ప్రేమలేఖ వస్తే అనుమానం రాలేదా అని నవ్వేవాళ్లుంటారు. అనుమానం వచ్చినవాళ్లు కూడా ఫైలు పేరు వైపు చూశారు, అది టీఎక్స్‌టీ అనే అక్షరాలతో ముగిసినట్టు కనిపించింది. అక్షరాలు తప్ప ఏమీ ఉండని సాదా ఫైలు ఏం చేస్తుందిలే అనుకున్నారు. నిజానికి ఆ పేరు చివర వీబీఎస్ అని ఇంకో తోక ఉంది, అది ప్రోగ్రామ్ అని చెప్పే గుర్తు. విండోస్ తనకు తెలిసిన తోకలను చూపించకుండా దాచిపెట్టేలా అమర్చి ఉండటంతో ఆ తోక చాలామందికి కనబడనే లేదు. వైరస్ రాసిన ఒనెల్ డి గుజ్మన్‌ను శిక్షించడానికి అప్పటికి ఆ దేశంలో తగిన చట్టమే లేదు, కేసు వీగిపోయింది. మన ఐటీ చట్టం కూడా అదే ఏడాది అక్టోబరులో అమల్లోకి వచ్చింది.

ఈ రెంటిలోనూ మెయిలు కనీసం పేరున్న మనిషి కంప్యూటరు నుంచే వచ్చింది. 2002లో విజృంభించిన క్లెజ్ ఆ మర్యాద కూడా పాటించలేదు. అది పట్టిన కంప్యూటరులో దొరికిన చిరునామాల్లోంచి ఒకదాన్ని పంపినవారిగా, ఇంకొకదాన్ని అందుకునేవారిగా ఎంచుకునేది. వెంకట్రావు కంప్యూటరుకు వైరస్ సోకితే సుబ్బారావు పేరుతో లక్ష్మికి మెయిలు వెళ్లేది. లక్ష్మి సుబ్బారావును తిట్టేది, సుబ్బారావు తన కంప్యూటరును మూడుసార్లు కడిగించుకునేవాడు, వెంకట్రావు మాత్రం ఏమీ ఎరగకుండా హాయిగా ఉండేవాడు. ఇంతకన్నా గడుసుదనం ఏమిటంటే, క్లెజ్ పంపే మెయిళ్లలో కొన్ని క్లెజ్‌కు విరుగుడు పంపుతున్నామంటూ వచ్చేవి. ఇలా వేరేవాళ్ల పేరు పెట్టడం ఎలా సాధ్యమంటే, మెయిల్ రవాణాకు ఆధారమైన ఎస్ఎమ్‌టీపీ నియమాలను 1982లో జాన్ పోస్టెల్ రాసినప్పుడు అప్పటి నెట్‌వర్కులో ఉన్నవి కొద్దిపాటి పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు. ఒకరినొకరు మోసం చేసుకోరన్న ధీమా అది. పోస్టుకార్డు మీద పంపినవారి చిరునామా దగ్గర ఎవరి పేరు రాసినా పోస్ట్‌మ్యాన్ అడగనట్టే, మెయిలులో ఏ పేరు పెట్టినా ఆ నియమాలు అడగవు.

ఇప్పుడు ఆ లోటును చాలావరకు పూడ్చారు కదా అని సాంకేతిక రంగంలో ఉన్నవాళ్లు అంటారు. నిజమే. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు వచ్చాయి. రోజుకు అయిదు వేలకు మించి మెయిళ్లు పంపే సంస్థలు వీటిని పాటించి తీరాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబట్టింది. వీటివల్ల బ్యాంకు చిరునామాను ఉన్నదున్నట్టు వాడుకుని మోసం చేయడం కష్టమైంది. కానీ ఈ తనిఖీలు చూసేది చిరునామాను, పేరును కాదు. ఎవరైనా కొత్త జీమెయిల్ ఖాతా తెరిచి, పేరు దగ్గర మీ మేనేజరు పేరు పెట్టుకుంటే అన్ని తనిఖీల్లోనూ అది నెగ్గుతుంది. ఫోనులో మెయిలు చూసేవాళ్లకు కనిపించేది పేరే, దాని వెనకున్న చిరునామా చూడాలంటే వేలితో తట్టాలి. ఇక స్నేహితుడి ఖాతానే దొంగ చేతికి చిక్కితే పేరూ నిజమే, చిరునామా నిజమే, తనిఖీలూ నిజమే చెబుతాయి.

ఎమోటెట్ చేసింది ఈ చివరి పనినే. 2014లో బ్యాంకు ఖాతాల దొంగగా మొదలై, తర్వాత మెయిలు పెట్టెల్లో పడి ఉన్న పాత ఉత్తరప్రత్యుత్తరాలను ఎత్తుకెళ్లడం నేర్చుకుంది. ఎత్తుకెళ్లి ఏం చేసేది? పోయిన నెల మీరూ మీ ఆడిటరూ నడిపిన సంభాషణ కిందే, అదే సబ్జెక్టుతో, ఆడిటరు పేరుతో జవాబు పంపేది. జతచేసిన ఫైలు చూడండి అని ఒక్క ముక్క ఉండేది. మీరు రాసిన మాటలు కింద కనిపిస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? 2021 జనవరిలో ఎనిమిది దేశాల పోలీసులు కలిసి దీన్ని పడగొట్టినప్పుడు ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ దీన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన మాల్‌వేర్ అంది. అదే ఏడాది నవంబరుకల్లా మళ్లీ లేచింది. భాష తేడాగా ఉంటుంది, అక్షరదోషాలుంటాయి, అలా పట్టేయొచ్చు అనే పాత కొండగుర్తు ఎమోటెట్ దెబ్బకే చాలావరకు పనికిరాకుండా పోయింది. తప్పుల్లేని తెలుగు రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చాక మిగిలినదీ పోయింది.

మెయిలు ఇప్పుడెవరు చూస్తున్నారు, అంతా వాట్సాపే కదా అనేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే: ఎత్తుగడ కూడా అక్కడికే మారింది. శుభలేఖ పేరుతోనో, ఆర్టీఓ చలానా పేరుతోనో ఏపీకే ఫైలు వస్తుంది. పంపిన నంబరు మేనమామది, లేదా ఊరి గ్రూపులో రోజూ గుడ్‌మార్నింగ్ పెట్టే మాస్టారిది. పెళ్లిళ్ల ముహూర్తాలు దండిగా ఉన్న నెలల్లో శుభలేఖ రావడంలో వింతేముంది? కానీ శుభలేఖ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో దిగే యాప్. దాన్ని నొక్కితే తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను అనుమతించాలా అని ఫోను అడుగుతుంది, తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమని ఆ యాప్ అడుగుతుంది. ఆ రెండింటికీ సరే అంటే బ్యాంకు ఓటీపీలు ఇక మీకొక్కరికే రావు. ఆ పైన మీ నంబరు నుంచి మీ చుట్టాలందరికీ అదే శుభలేఖ వెళ్తుంది. మెలిస్సా నడిచిన దారి ఇదే.

నా వాదనకు ఆధారం ఇక్కడే ఉంది. పేర్లు మారాయి, వేదికలు మారాయి, భాష బాగుపడింది. అడిగే పని మాత్రం పాతికేళ్లుగా దాదాపు అదే. ఒక ఫైలు తెరవమనడం, తెరిచాక మాక్రోను నడవనిచ్చే ఎనేబుల్ కంటెంట్ బటన్ నొక్కమనడం, యాప్ దించుకోమనడం, లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టమనడం, వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పమనడం, డబ్బు పంపమనడం. ఈ కోరికల్లో ఏదైనా సందేశంలో ఉంటే, కింద కన్నతల్లి పేరున్నా సరే, ఆగి వేరే దారిలో కనుక్కోవాలి. వేరే దారంటే అదే మెయిలుకు జవాబివ్వడం కాదు, ఆ జవాబు దొంగకే చేరొచ్చు. మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, నువ్వేమైనా పంపావా అని అడగాలి. తొందరపెట్టే మెయిలయినా, ఎవరికీ చెప్పొద్దనే మెయిలయినా ఆ ఫోన్ ఇంకా ముందు చేయాలి. మిగిలిన మెయిళ్లను ఇంత అనుమానంగా చూడనక్కర్లేదు. చదివి ఊరుకునే కబురు మేనమామదే అయినా కాకపోయినా ఫోనుకు జరిగే నష్టం లేదు.

దీనికి గట్టి అభ్యంతరం మన ఇళ్లలోంచే వస్తుంది. బాబాయి పంపినదాన్ని అనుమానించి ఫోన్ చేస్తే ఆయనేమనుకుంటారు? పై అధికారి అర్జంటని రాస్తే, మీరేనా సార్ అని అడిగే ధైర్యం ఏ చిన్న ఉద్యోగికి ఉంటుంది? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం, ఎందుకంటే దొంగ లెక్క అంతా దాని మీదే ఉంది. అధికారి పేరుతో మెయిలు పంపి డబ్బు మళ్లించే మోసాల వల్ల 2023లో తమకు అందిన ఫిర్యాదుల్లోనే 290 కోట్ల డాలర్ల నష్టం తేలిందని ఎఫ్‌బీఐ చెప్పింది. అధికారం, మొహమాటం, తొందర కలిస్తే అంత సొమ్ము కదులుతుంది. దీన్ని విడిగా ఒక ఉద్యోగి ధైర్యానికి వదిలేయకూడదు. డబ్బు, పాస్‌వర్డ్‌ల విషయంలో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి అని పై అధికారే ముందుగా చెప్పాలి, అడిగినవాణ్ని విసుక్కోకూడదు. ఇళ్లలోనూ అంతే: ఏం పంపావు మామయ్యా అని ఫోన్ చేస్తే, పలకరించే వంక దొరికిందని మామయ్య సంతోషిస్తాడే గాని కోప్పడడు.

నా కంప్యూటరులో దోచుకోవడానికేముంది అనే మాట కూడా తరచు వింటాం. ఆ మాట అనేవాళ్ల ఫోనులో వందల నంబర్లుంటాయి. ఆ నంబర్ల వాళ్లందరూ వాళ్ల పేరు చూసి నమ్ముతారు. దొంగకు కావలసింది ఆ పేరే, బ్యాంకులో నిల్వ తర్వాత సంగతి.

ఇంత చెప్పాక భారమంతా వాడేవాళ్ల మీద వేస్తే అది అన్యాయం. వర్డ్ మాక్రోలు ఏం చేయగలవో 1999లోనే లోకానికి తెలిసింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో వాటిని మామూలుగానే నిలిపేసే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2022లో తెచ్చింది. మధ్యలో 23 ఏళ్లు మీరే జాగ్రత్తగా ఉండండి అనే చెబుతూ వచ్చారు. ఫైళ్ల తోకలను దాచే అలవాటు విండోస్‌కు ఇంకా పోలేదు, సెట్టింగుల్లోకి వెళ్లి మనమే మార్చుకోవాలి. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపుకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించడం మంచి పనే, చిరునామా చివర చూసి పోల్చుకునే వీలు కలిగింది. అయినా లింకులు నొక్కవద్దని చెప్పే సంస్థలే లింకులున్న ఎస్సెమ్మెస్‌లు పంపుతున్నంత కాలం జనానికి ఏది నేర్పినట్టు?

పొరపాటున తెరిచేసినవాళ్లు సాధారణంగా చేసే పని మౌనంగా ఉండిపోవడం. చదువుకున్నవాళ్లయితే మరీనూ. ఆ మౌనం వల్ల వైరస్‌కు ఇంకో పూట దొరుకుతుంది. వెంటనే నెట్ ఆపేయాలి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. నా పేరుతో ఏదైనా వస్తే తెరవొద్దని చుట్టాలకూ తోటివాళ్లకూ చెప్పాలి. ఆ హెచ్చరికను మాత్రం చిక్కుకున్న ఖాతా నుంచే పంపకుండా నోటితో చెప్పడం మంచిది; విరుగుడు పంపుతున్నానన్న క్లెజ్ మెయిలు కూడా తెలిసినవాళ్ల పేరుతోనే వచ్చింది.