బండిలో అల్మారా: బరువు తగ్గితేనే భరోసా

పోయిన వర్షాకాలం అమ్మను శ్రీశైలం తీసుకెళ్లాను. బస్సులో కాదు, మా సెకండ్‌హ్యాండ్ వ్యాన్‌లో. ఆరు వీకెండ్లు దాని మీదే పెట్టి, లోపల పడుకోవడానికి బల్ల, చిన్న వంటగట్టు, సీటు పైన సామాన్ల కబోర్డు చేయించాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అలసిపోతే ఎక్కడైనా బండి ఆపి కాసేపు నడుం వాల్చేలా, మన టీ మనమే పెట్టుకునేలా ఉండాలని నా ఆశ.

మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లేదాకా అంతా బాగానే ఉంది. ఘాట్ దిగుతుంటే ఒక మలుపులో వెనక నుంచి టక్కుమని చప్పుడు. అద్దంలో చూస్తే అమ్మ రెండు చేతులూ పైకెత్తి కబోర్డును పట్టుకుని కూర్చుంది. బిగించిన 4 స్క్రూల్లో 3 ఊడొచ్చేశాయి. బండి పక్కకు ఆపి, డబ్బాలన్నీ కిందికి దించి, కబోర్డును తాడుతో కట్టాం. అమ్మ తిట్టలేదు. "ఒరేయ్, ఇది ఇల్లు కాదురా, బండి" అంది. అంతే.

తిట్టినా బాగుండేది. ఎందుకంటే తప్పు పూర్తిగా నాదే.

పని మొదలుపెట్టిన రోజు కార్పెంటర్ అన్న అడిగాడు, "ఏ చెక్క వేద్దాం తమ్ముడూ?" అని. "ఇంట్లో వేసేదే వేసెయ్ అన్నా, గట్టిగా ఉండాలి" అన్నాను. అంటే 18 ఎంఎం ప్లైవుడ్, పైన మైకా. బరువుంటేనే గట్టిదని మనందరి నమ్మకం కదా! బీరువా కొన్నా, మంచం కొన్నా ముందు కదిపి చూస్తాం. కదలకపోతే "బాగుంది" అంటాం.

ఇంట్లో అది కరెక్టే. అక్కడ గోడ కదలదు. బండిలో మాత్రం ప్రతి గుంతకూ, ప్రతి బ్రేకుకూ కబోర్డు తన స్క్రూలను తానే లాగుతుంది. చెక్క ఎంత బరువుంటే అంత గట్టిగా లాగుతుంది. కబోర్డు, అందులోని సామాన్లు కలిపి 25 కిలోలు అనుకోండి. బండి దేన్నైనా గుద్దుకున్నప్పుడు బరువుకు 20 రెట్ల బలం పడిందంటే, ఆ స్క్రూల మీద 500 కిలోల లాగుడు. కింద కూర్చున్నది ఎవరో ఒకసారి గుర్తుచేసుకోండి.

తిరిగొచ్చాక చేసిన మొదటి పని, వేబ్రిడ్జి మీద బండిని తూకం వేయించడం. పని మొదలుపెట్టకముందు వేయించిన చీటీ దగ్గర పెట్టుకునే ఉన్నాను. తేడా 150 కిలోలు! అంటే నేను ఎక్కడికి వెళ్లినా ఇద్దరు పెద్దమనుషులు కనిపించకుండా నాతోపాటే ప్రయాణం చేస్తున్నారన్నమాట.

మన బండి ఎంత మోయగలదో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఖాళీ బండి బరువు ఆర్సీలో ఉంటుంది. మొత్తం ఎంత బరువు వరకు వెళ్లొచ్చో కంపెనీ మాన్యువల్‌లో చూడండి. రెండింటి మధ్య తేడాయే మన బడ్జెట్. ఉదాహరణకు తేడా 500 కిలోలు ఉందనుకుందాం. నలుగురు మనుషులకు 260, నీళ్లు 40 లీటర్లంటే 40, పెద్ద ట్యూబులర్ బ్యాటరీకి దాదాపు 60, బట్టలు, స్టవ్వు, గిన్నెలకు ఇంకో 40. మొత్తం 400. కబోర్డులకు మిగిలింది 100 మాత్రమే. నేను పెట్టింది 150. ఆ ఎక్కువైన బరువునంతా మోయాల్సింది టైర్లు. ఘాట్‌లో ఆపాల్సింది బ్రేకులు.

సరే, మరి ఏ చెక్క వాడాలి? షాపులో 8×4 షీటును ఆధారంగా పెట్టుకుని లెక్కేశాను. 18 ఎంఎం మామూలు ప్లైవుడ్ ఒక్క షీటు సుమారు 32 కిలోలు. అదే మందంలో ఎండీఎఫ్ అయితే 40 దాకా ఉంటుంది. పైగా అంచులో స్క్రూ వేస్తే చీలుతుంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. పార్టికల్ బోర్డు చవకే కానీ, కుదుపులకు స్క్రూ చుట్టూ పొడిపొడిగా రాలిపోతుంది. ఈ రెండింటినీ బండి విషయంలో మర్చిపోండి.

ఇప్పుడు అందరూ చెప్పేది పీవీసీ ఫోమ్ బోర్డు, డబ్ల్యూపీసీ. నీళ్లకు పాడవదు, చెదలు పట్టదు, నిజమే. కానీ బరువులో అనుకున్నంత లాభం లేదు. చాలా రకాలు ప్లైవుడ్‌కు కొంచెమే తక్కువ తూగుతాయి. స్క్రూ పట్టు కూడా ప్లైవుడ్ అంత ఉండదు. ఇంకో సంగతి, పీవీసీ వేడికి మెత్తబడుతుంది. మే నెల ఎండలో తలుపులు మూసి ఆపిన బండి లోపల ఎలా ఉంటుందో మనకు తెలిసిందే. పొడవాటి అరలు మెల్లగా మధ్యలో కుంగిపోతాయి. స్టవ్వు దగ్గరైతే అసలు వద్దు. సింకు కింద చిన్న తలుపుకు మాత్రం బాగా పనికొస్తుంది.

నాకు నచ్చింది పోప్లర్ ప్లైవుడ్. తేలిక చెక్క. 12 ఎంఎం షీటు సుమారు 16 కిలోలే. మామూలు ప్లైవుడ్ అదే మందంలో 21 దాకా ఉంటుంది. అయితే తేలికని చెప్పి ఏది పడితే అది తీసుకోవద్దు. ఐఎస్ 303 ముద్రతో బీడబ్ల్యూఆర్ గ్రేడ్ ఉందో లేదో చూడండి. ఐఎస్ 710 మెరైన్ ప్లై ఇంకా మంచిదే కానీ బరువు, ఖర్చు రెండూ ఎక్కువ. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే ఈ1 లేదా ఈ0 రకం అడగండి. ఆ చిన్న డబ్బాలాంటి గదిలో రాత్రంతా పీల్చేది ఆ గాలే మరి.

ఇక మనం లెక్కలోకే తీసుకోనిది మైకా. 1 ఎంఎం మైకా ఒక్క షీటు 4 కిలోలు. 4 షీట్ల చెక్కకు రెండు వైపులా అతికిస్తే 30 కిలోలు దాటుతుంది. అందం కోసం అంత బరువా! రెండోసారి వంటగట్టు పైభాగానికి తప్ప ఇంకెక్కడా మైకా వేయించలేదు. మిగతా అంతా వార్నిషే.

అసలు కిటుకు మాత్రం చెక్కలో లేదు, కట్టే పద్ధతిలో ఉంది. పలక వంగకుండా ఆపే బలం దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 18 ఎంఎం బదులు 12 వేస్తే బరువు మూడో వంతు తగ్గుతుంది కానీ, గట్టిదనం 30 శాతానికి పడిపోతుంది. కాబట్టి ఊరికే పలచన చేస్తే కుదరదు. మరేం చేయాలి? పాతకాలం పెంకుటిల్లు గుర్తుచేసుకోండి. బరువు మోసేది దూలాలు, వాసాలు. పెంకులు కప్పుతాయంతే. ఇక్కడా అదే సూత్రం. అల్యూమినియం చదరపు పైపుతో ఫ్రేమ్ చేసి, మధ్యలో 6 ఎంఎం ప్లై బిగించాలి. 25 ఎంఎం పైపు, 1.2 ఎంఎం మందం అయితే మీటరుకు 300 గ్రాములే. ఇనుముదైతే దాదాపు మూడు రెట్లు.

బిగింపుల్లో మాత్రం పిసినారితనం వద్దు. నా కబోర్డు ఊడింది చెక్క విరిగి కాదు, పలచని రేకులోకి చెక్క స్క్రూ కొట్టినందుకు. బండి బాడీకి బిగించే చోట నట్టు, బోల్టు, వెనక వెడల్పాటి వాషర్ ఉండాలి. కుదుపులకు వదులుకాని నైలాక్ నట్లు వాడాలి. చెక్కకు చెక్క కలిసేచోట స్క్రూతోపాటు జిగురు తప్పనిసరి. తలుపులకు అయస్కాంతం చాలదు, నొక్కితే తెరుచుకునే లాచ్ పెట్టించండి. డ్రిల్ పెట్టేముందు అవతల వైరుందా, పెట్రోల్ పైపుందా చూసుకోవాలి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసేయడం, బాడీ కోయడం లాంటివి మనసులో ఉంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. పనంతా అయ్యాక అడిగితే బాధపడేది మనమే.

రెండోసారి రాణిగంజ్‌లో అల్యూమినియం కొని, అదే కార్పెంటర్ అన్న దగ్గరికి వెళ్లాను. సన్న పైపులు చూసి "ఇది ఆగుతదా తమ్ముడూ?" అన్నాడు. ఫ్రేమ్ అయ్యాక ఇద్దరం ఎక్కి నిలబడ్డాం. ఆగింది. మళ్లీ తూకం వేయిస్తే ఖాళీ బండి కంటే 70 కిలోలే ఎక్కువ. 80 కిలోలు మిగిలాయి. నీళ్లు, బియ్యం, గ్యాస్ లాంటి బరువులన్నీ కింది అరల్లోకి దించాను. సీటు పైన కబోర్డు మళ్లీ పెట్టలేదు. పాత జీన్స్‌తో కుట్టించిన గుడ్డ సంచులు వేలాడదీశాను. వాటిలో తువ్వాళ్లు, దుప్పట్లు తప్ప ఇంకేం పెట్టకూడదని రూల్.

సంక్రాంతికి మళ్లీ అదే దారిలో వెళ్లాం. అదే ఘాట్. మలుపు రాగానే అమ్మ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. గుడ్డ సంచి తగిలింది. దాన్ని ఒకసారి పిసికి చూసి, చెయ్యి దించి, కిటికీ వైపు తిరిగింది. డ్యామ్ కనిపించేదాకా మళ్లీ పైకి చూడలేదు.

మీరూ వ్యాన్ చేయించుకోవాలనుకుంటే, షాపులో చెక్కను వేలితో కొట్టి "గట్టిదేనా?" అని అడగడంతో ఆగకండి. "షీటు ఎన్ని కిలోలు?" అని కూడా అడగండి. చెప్పలేకపోతే అక్కడే కాటా మీద పెట్టించండి. ఆ నంబరు తెలిశాకే డబ్బులు తీయండి.