గొంతు మార్చే గ్యాసు బెలూన్
ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి తెచ్చిన గ్యాసు బెలూన్లు విప్పి, పిల్లలంతా ఆ గాలి పీల్చి, కీచుగొంతుతో మాట్లాడుతూ ఒకటే నవ్వులు. ప్రమాదమేమైనా ఉందాండీ?
- ఓ సోదరి, చోడవరం

జవాబు: ఉందమ్మా. హీలియం విషం కాదు గానీ, అందులో ఆక్సిజన్ ఉండదు. గుండెల నిండా పీలిస్తే క్షణాల్లో స్పృహ తప్పవచ్చు. సిలిండరుకే నోరు పెడితే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు చిట్లి ప్రాణం మీదికి వస్తుంది. ఇక తీర్థాల్లో అమ్మే బుడగల్లో తరచు హైడ్రోజన్ నింపుతారు. కాస్టిక్ సోడా, అల్యూమినియం కలిపి తయారు చేసే ఆ గ్యాసు నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొవ్వొత్తుల దగ్గర కట్టకండి. ఎవరైనా పీల్చి పడిపోతే గాలి ఆడే చోటికి చేర్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి. నోటితో ఊదిన బెలూన్లతోనూ పిల్లల ముచ్చట తీరుతుంది.