కూతకు కులం లేదు

కబడ్డీకి బ్యాటక్కర్లేదు, బూట్లక్కర్లేదు. జట్టుకి ఏడుగురు, చదునైన కాస్త నేల చాలు. ఇంత పచ్చని కృష్ణా డెల్టాలో మన పేటల్లో చాలాచోట్ల ఆ కాస్త నేలే లేదు!

ముట్టుకుంటే పాయింటు వచ్చే ఆట ఇది. కూతకొచ్చినవాణ్ణి ఆపాలంటే నలుగురి చేతులూ కలవాలి. ఔటైనవాణ్ణి తోటివాడి పాయింటే మళ్లీ బరిలోకి తెస్తుంది. కూలికిపోయి బడి మానిన పిల్లలు జట్టు కోసం తిరిగి రావడం పంతులుగా నేను చూశాను.

అయితే చప్పట్లొక్కటే చాలవు. 1911 ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన దళిత క్రికెటరు పల్వంకర్ బాలూ. అంతటివాడికీ అంతకుముందు పూనాలో టీ బయటే, వేరే ముంతలో ఇచ్చారు. ఆటలో కలిసిన చేతులు గ్లాసు దగ్గర విడిపోకూడదు.

అన్నలారా, అక్కలారా! ఈ పక్షంలోనే పంచాయతీకి పోదాం. పేటకో ఆటస్థలం, అందులో ఆడపిల్లలకీ బరి అడుగుదాం. ఇవ్వకపోతే అందరం కలిసి కూత పెడదాం!