నడికుడిలో పన్నెండు ఎప్పుడవుతుంది?

గుంటూరు, మాచర్ల, బీబీనగర్ దారులు కలిసే నడికుడి జంక్షన్లో గడియారం మధ్యాహ్నం పన్నెండు చూపిస్తుంది. సూర్యుడు నడిమింటికి రావడానికి మాత్రం, ఏడాది సగటు చూస్తే, ఇంకా 11 నిమిషాలుంటుంది. గడియారం తప్పా? సూర్యుడు ఆలస్యమా?

రెండూ కాదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. దేశానికంతటికీ టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖాంశం తుని దగ్గరగా వెళ్తుంది. నడికుడి దానికి పడమరగా దాదాపు 2.8 డిగ్రీల దూరంలో ఉంది. తేడా అక్కడే వచ్చింది.

పూర్వం ఈ చిక్కు లేదు. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలితే అది మునిగేంత సేపు ఒక గడియ, అంటే 24 నిమిషాలు. సూర్యోదయం నుంచి లెక్క కాబట్టి ఏ ఊరి గడియలు ఆ ఊరివే. గడియారం అన్న మాటలో ఆ గడియ ఇంకా ఉంది.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఎడ్మండ్ బెకెట్ డెనిసన్ అనే లాయరుకు గడియారాల పిచ్చి. 1850లో వాటిమీద పుస్తకం రాశాడు. రాసి ఊరుకోలేదు. బిగ్‌బెన్ గంట మోగించే లండన్ గడియారానికి నమూనా తయారుచేసిందీ ఆయనే. 1859లో అది నడక మొదలుపెట్టింది. గంట మొదటి దెబ్బలో ఒక్క సెకనుకు మించి తేడా రాకూడదన్నది దానికి పెట్టిన షరతు. అయితే ఎంత గొప్ప గడియారమైనా ఏ ఊరి పన్నెండు చూపించాలో తనంతట తాను చెప్పలేదు. అది మనుషులు ఒప్పుకోవాల్సిన సంగతి.

మన దగ్గర ఆ ఒప్పందం కుదరడానికి చాలా కాలమే పట్టింది. బొంబాయి, కలకత్తా టైముల మధ్య గంటకు పైగా తేడా ఉండేది. రైళ్లు మధ్యేమార్గంగా మద్రాసు టైమును పట్టుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఒకే టైము వచ్చింది. కలకత్తా మాత్రం 1948 దాకా తన సొంత టైమును వదల్లేదు.

ఇప్పుడిదంతా ఎందుకంటారా? ఇంట్లో పెళ్లి ఉంటే పనికొస్తుంది. విజయవాడకు గణించిన పంచాంగంలోని సూర్యోదయం కంటే నడికుడిలో సూర్యుడు దాదాపు 4 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ముహూర్తం లగ్నం మధ్యలో ఉంటే ఇబ్బంది లేదు. అంచున ఉంటే మాత్రం, ఈ లెక్క ఏ ఊరిదండీ అని పంతులుగారిని ఒక్కమాట అడగడం మంచిది.

రైలెక్కాలంటే మాత్రం స్టేషన్ గడియారాన్నే నమ్ముకోండి. సూర్యుడికోసం అది 11 నిమిషాలు ఆగదు!