కొత్త వెర్షన్ సరే... పాత తెలుగు సంగతేంటి?

అప్‌డేట్ నోటిఫికేషన్ కనిపిస్తే ఆగలేని బ్యాచ్‌లో నేనూ ఒకడిని. ఫోన్ అయితే పర్లేదు, మహా అయితే రెండు రోజులు బ్యాటరీ త్వరగా అయిపోతుంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇదే దూకుడు మా పెదనాన్న సైట్ మీద చూపించాను.

ఆయన రిటైర్డ్ టీచర్. 2006లో వర్డ్‌ప్రెస్ మీద సైట్ పెట్టుకుని ఊరి సంగతులు, పొలం పనుల్లో వాడే మాటలు రాస్తూ వస్తున్నారు. నేను హోస్టింగ్ మార్చి, లేటెస్ట్ వెర్షన్ ఎక్కించి, పాత సెట్టింగ్స్ ఫైల్ పక్కన పడేసి కొత్తది తయారుచేశాను. సైట్ ఓపెన్ అయింది. ఫాస్ట్‌గా కూడా ఉంది. తెలుగు మాత్రం లేదు. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మధ్యమధ్యలో ప్లస్-మైనస్ గుర్తు. పేజీ నిండా ఇవే.

ఈ చెత్త మీరూ ఎక్కడో చూసే ఉంటారు. దీనికో లెక్క ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, ఏదైనా సరే 3 బైట్లు. ఆ మూడింటినీ కలిపి చదవకుండా విడివిడిగా లాటిన్ అక్షరాలనుకుంటే, మొదటి బైటు ఎప్పుడూ ఆ గీత ఉన్న ఏ. రెండోది అచ్చులకీ హల్లులకీ డిగ్రీ గుర్తు. కొమ్ము, ఎత్వం, పొల్లు లాంటి వాటికి ప్లస్-మైనస్. అంటే డేటా ఎక్కడికీ పోలేదు, చదివే తీరు మారిందంతే.

తప్పు వర్డ్‌ప్రెస్‌ది కాదు, నాదే. 2007లో 2.2 వెర్షన్ వచ్చేదాకా వర్డ్‌ప్రెస్ తన టెక్స్ట్ యూటీఎఫ్-8లో ఉందని డేటాబేస్‌కి చెప్పేది కాదు. డేటాబేసేమో డిఫాల్ట్‌గా లాటిన్1 అనుకుని దాచుకునేది, అడిగితే అవే బైట్లు తిరిగిచ్చేది. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా కాపురం సాగిపోయింది. 2.2లో క్యారెక్టర్‌సెట్ చెప్పే లైన్ ఒకటి సెట్టింగ్స్ ఫైల్లోకి వచ్చింది. పాత సైట్ల ఫైల్లో ఆ లైన్ ఉండదు కాబట్టి అవి పాత పద్ధతిలోనే నడిచాయి.

2015 ఏప్రిల్‌లో 4.2 వచ్చినప్పుడూ అంతే. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరున్నది అక్షరానికి 3 బైట్ల దాకానే దాచగలదు. తెలుగుకు అది చాలు, ఎమోజీకి 4 కావాలి. అందుకే టేబుళ్లను యూటీఎఫ్8ఎంబీ4కి మార్చారు. మార్చేటప్పుడు సర్వర్‌కి ఆ సత్తా ఉందో లేదో చూశారు, లాటిన్1 టేబుళ్ల జోలికి అసలు పోలేదు. ఇండెక్స్‌కి 767 బైట్ల పరిమితి ఉండేది కాబట్టి 255 అక్షరాల ఇండెక్స్‌ని 191కి తగ్గించారు. 191 ఇంటూ 4, 764. వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో ఎక్కడైనా ఆ వింత 191 కనబడితే కారణం ఇదే.

అంటే ముక్కూ మొహం తెలియని డెవలపర్లు దాదాపు ఇరవై ఏళ్లు మా పెదనాన్న తెలుగుని జాగ్రత్తగా మోసుకొచ్చారు. నేను ఒక్క లైన్‌తో కింద పడేశాను.

పాత పోస్టులు దొరికాయి. టెక్స్ట్ కాలమ్స్‌ని ముందు బ్లాబ్‌కి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాలి. నేరుగా మారిస్తే ఆ చెత్తనే పక్కాగా సేవ్ చేసి పెడుతుంది (మొదటిసారి నేను చేసింది అదే, బ్యాకప్ ఉండబట్టి బతికాను). కానీ నేను కారణం వెతుకుతున్న ఆ ఒక్కరోజులో, కొత్తది రాస్తే సరిగ్గా వస్తుందేమోనని పెదనాన్న ఒక పోస్టు రాశారు. కనెక్షన్ యూటీఎఫ్-8, టేబుల్ లాటిన్1. లాటిన్1లో తెలుగుకి చోటు లేదు కాబట్టి ప్రతి అక్షరం ప్రశ్నార్థకం గుర్తుగా సేవ్ అయింది. దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. "మళ్లీ చెప్పండి పెదనాన్నా, నేను టైప్ చేస్తా" అంటే, "వద్దులేరా, అప్పుడు గుర్తొచ్చినట్టు ఇప్పుడు రాదు" అన్నారు.

వెనకటి వెర్షన్లతో పొత్తు కుదర్చడం దండగ అనేవాళ్లున్నారు. కోడ్ విషయంలో కొంతవరకు ఒప్పుకుంటా. పీహెచ్‌పీ 5.2ని వర్డ్‌ప్రెస్ 2019 దాకా భరించింది, ఆ మొహమాటం నాకూ చిరాకే. పాత కోడ్‌ని వదిలేయొచ్చు. పాత టెక్స్ట్‌ని చదవగలగడం మాత్రం వదలకూడదు. ఇందులో నాకు బాగా నచ్చింది మీడియావికీ పద్ధతి. ఇంగ్లిష్ వికీపీడియా 2005లో లాటిన్-1 నుంచి యూటీఎఫ్-8కి మారినప్పుడు పాత కూర్పులను తిరగరాయలేదు. కొత్తవాటికి యూటీఎఫ్-8 అని ఒక గుర్తు పెట్టారు. ఆ గుర్తు లేనివి చదివేటప్పుడు అప్పటికప్పుడు మార్చి చూపిస్తారు.

లింకుల సంగతి కూడా చూడండి. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు లింక్ పేరుకి 200 అక్షరాలే చోటు. తెలుగు అక్షరం పర్సెంట్ గుర్తులతో రాస్తే 9 తింటుంది. గుణింతాలు కూడా విడిగా లెక్కేస్తే 22 దాటేసరికి కట్. అందుకే చాలా తెలుగు లింకులు మధ్యలో తెగినట్టుంటాయి. అందంగా లేవని కొత్త ప్లగిన్‌తో అన్నీ మార్చేసి, పాతవాటి నుంచి రీడైరెక్ట్ పెట్టకపోతే వాట్సాప్‌లో ఇన్నేళ్లు తిరిగిన లింకులన్నీ ఒకేసారి చచ్చిపోతాయి.

ఇలాంటివి ఇంగ్లిష్ సైట్‌లో టెస్ట్ చేసే డెవలపర్‌కి కనబడవు, ఎందుకంటే మామూలు ఇంగ్లిష్ అక్షరాలు లాటిన్1లోనూ యూటీఎఫ్-8లోనూ ఒకే బైటు. కనబడేది మనకే. బీటాలు అందరికీ ఓపెన్. ఫోన్ బీటా కోసం రాత్రంతా మేలుకునే మనం ఒక తెలుగు సైట్ కాపీ మీద ఇదీ ఎక్కించి చూడొచ్చు: పాత పోస్టు ఒకటి, ఒత్తులున్న టైటిల్ ఒకటి, మధ్యలో ఎమోజీ ఉన్న కామెంట్ ఒకటి. తేడా కనిపిస్తే బగ్ రిపోర్ట్ రాయండి.

ఇక మీ ఇంట్లో ఎవరికైనా 2007కి ముందు మొదలైన వర్డ్‌ప్రెస్ సైట్ ఉంటే, బ్యాకప్ తీశాక సెట్టింగ్స్ ఫైల్ తెరిచి ఆ క్యారెక్టర్‌సెట్ లైన్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీరు మాత్రం చేర్చకండి.